క్లినికల్ ట్రయల్స్: విశాఖలో రోగులు, వాళ్ల ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో నేను క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌ని. డాక్టరు గారు ట్రయల్ గురించి చెప్పి వెళ్లాక, పేపర్లు పట్టుకుని మీ పక్కన కూర్చునే మనిషిని. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే రోగులు, వాళ్లకు తోడొచ్చిన కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు అడిగే ప్రశ్నలే ఇక్కడ రాశాను. డాక్టరు గారి ముందు తలూపేసి, బయటికొచ్చాక వరండాలో నన్ను మెల్లగా అడిగినవే వీటిలో ఎక్కువ. అందుకే ముందు ఒక మాట. మొహమాటపడకుండా అడగండి. ప్రశ్న అడిగితే విసుక్కునే చోట సంతకం పెట్టకండి.

అంటే మా మీద ప్రయోగం చేస్తారా అండీ?

అవును, ప్రయోగమే. ఆ మాట దాచేసి "కొత్త ట్రీట్‌మెంట్" అని ఊరుకుంటే మీకు సగం నిజమే చెప్పినట్టు. మందు పనిచేస్తుందా, ఎంత మోతాదు సరిపోతుంది, ఏం ఇబ్బందులు వస్తాయి అన్నది పూర్తిగా తేలలేదు కాబట్టే ట్రయల్ పెడతారు.

అయితే కొత్త మందు ఏదీ నేరుగా మనిషి దగ్గరికి రాదు. ముందు ల్యాబ్‌లో, జంతువుల్లో పరీక్షిస్తారు. ఆ తర్వాత మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి ఒంటికి పడుతుందో లేదో చూస్తారు. రెండో దశలో ఆ జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చి మోతాదు, ఫలితం గమనిస్తారు. మూడో దశలో వందల మందిలో, ఒక్కోసారి వేల మందిలో, ఇప్పుడున్న వైద్యంతో పోల్చి చూస్తారు. మార్కెట్లోకి వచ్చాక కూడా కనిపెట్టి చూడటం నాలుగో దశ. "ఇది ఏ దశ ట్రయల్?" అని తప్పకుండా అడగండి. ఆ జవాబుతోనే రిస్కు ఎంత అన్నది చాలావరకు అర్థమవుతుంది.

ఇంకొకటి మనసులో పెట్టుకోండి. మామూలు వైద్యంలో డాక్టరు గారి ధ్యాసంతా మీ జబ్బు నయం చేయడం మీదే. ట్రయల్‌లో మీ క్షేమంతో పాటు ఒక ప్రశ్నకు జవాబు వెతకడం కూడా ఉంటుంది. ఆ జవాబు వల్ల మీకు మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. మీ తర్వాత వచ్చే రోగులకు మాత్రం అది పనికొస్తుంది.

అనుభవం ఉన్న డాక్టరుకు ఏ మందు పనిచేస్తుందో తెలియదా? ఈ ట్రయల్ అంతా ఎందుకు?

అనుభవం కూడా పొరబడుతుంది. అందరూ నిజమని నమ్మినది పరీక్షకు పెడితే తప్పని తేలిన సందర్భాలు వైద్యంలో చాలా ఉన్నాయి.

మన పక్కనే, అప్పటి మద్రాసులో జరిగిన సంగతి చెప్తాను. 1950లలో టీబీ వస్తే శానిటోరియంలో, అంటే టీబీ రోగులను నెలల తరబడి ఉంచే ప్రత్యేక ఆసుపత్రిలో, చేర్చాల్సిందే అనేవారు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి లేకపోతే మందులు వేసినా లాభం లేదని, ఇంట్లో ఉంచితే మిగతావాళ్లకు అంటుకుంటుందని నమ్మకం. అందరికీ సరిపడా మంచాలు మాత్రం దేశంలో ఎక్కడా లేవు. 1956లో మద్రాసు టీబీ కేంద్రంలో దీన్ని పరీక్షకు పెట్టారు. 193 మంది పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి, అందరికీ ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లు సరైన తిండి లేక, పనులకు పోతూ కూడా, దాదాపు శానిటోరియం వాళ్లంతగానే కోలుకున్నారు. వాళ్ల ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా సోకిందీ లేదు. 1959లో ఈ ఫలితం బయటికొచ్చాక ప్రపంచమంతా టీబీ వైద్యం తీరు మారిపోయింది. ఈరోజు మన విశాఖ ఛాతీ ఆసుపత్రిలో చూపించుకుని, మందుల స్ట్రిప్పులు చేతపట్టుకుని బస్సెక్కి ఇంటికి వెళ్తున్నామంటే, ఆ 193 మంది ఒప్పుకోవడం వల్లే. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. నాకు ఈ పని మీద ఉన్న గౌరవమంతా అక్కడి నుంచి వచ్చిందే.

విశాఖలో కూడా ఇలాంటి పరిశోధన జరుగుతుందా?

ఎప్పటి నుంచో జరుగుతోంది. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకి, దానికి ఆనుకున్న కేజీహెచ్‌కి (కింగ్ జార్జి ఆసుపత్రికి) ఉత్తరాంధ్ర అంతటి నుంచీ రోగులు వస్తారు. చుట్టను మంట నోటి లోపలికి పెట్టి కాల్చే "అడ్డపొగ" అలవాటు మన తీరం పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, బాగా ఉండేది. వాళ్లకు అంగిట్లో క్యాన్సర్ రావడానికి ఈ అలవాటే కారణమని 1950లలోనే ఈ కాలేజీ డాక్టర్లు రాశారు. మందు ఇవ్వకుండా, రోగులను జాగ్రత్తగా గమనించి, అలవాట్లు అడిగి తెలుసుకోవడం కూడా పరిశోధనే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో ఎంతోమందికి వచ్చే కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. నీళ్లు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం, పురుగుమందులు, వంశపారంపర్యం, ఇలా అన్ని వైపుల నుంచీ చూశారు. ఇదే కారణం అని వేలుపెట్టి చూపించే రోజు ఇంకా రాలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. క్యాన్సర్‌కైతే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ట్రయల్స్ నడుస్తాయి.

ఎవరికి ఏ మందో లాటరీ వేస్తారట, నిజమేనా?

చాలా ట్రయల్స్‌లో నిజమే. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో కంప్యూటరు తేలుస్తుంది. డాక్టరు గారి చేతిలో గానీ నా చేతిలో గానీ ఉండదు. "మావాడికి కొత్త మందే వచ్చేలా చూడమ్మా" అని చేతులు పట్టుకుని అడిగేవాళ్లుంటారు. బాధగా ఉంటుంది, కానీ చేయగలిగింది ఏమీ లేదు, ఉండకూడదు కూడా. డాక్టరు ఎంచుకోగలిగితే తెలియకుండానే బలంగా ఉన్నవాళ్లను ఒక వైపు, నీరసంగా ఉన్నవాళ్లను ఇంకో వైపు వేసేస్తారు. అప్పుడు తేడా మందు వల్ల వచ్చిందా, మనుషుల వల్ల వచ్చిందా అన్నది ఎప్పటికీ తెలియదు. పైగా కొత్త మందే మెరుగని ముందే తెలిస్తే ట్రయల్ అవసరమే లేదు.

ఉత్తుత్తి మాత్ర ఇస్తారని విన్నాం. జబ్బుతో ఉన్నవాడికి అలా ఇవ్వడం పాపం కాదా?

దాన్ని ప్లసీబో అంటారు. చూడటానికి మందులాగే ఉంటుంది, లోపల మందు ఉండదు. మీ జబ్బుకు ఇప్పటికే మంచి మందు ఉంటే, దాన్ని ఆపేసి ఒట్టి ప్లసీబో మీద ఉంచడం సాధారణంగా తప్పు. ఎక్కువ ట్రయల్స్‌లో అందరికీ మామూలు వైద్యం సాగుతుంది, దానిపైన ఒకరికి కొత్త మందు, ఒకరికి ప్లసీబో ఇస్తారు. మీ పేపర్లో ఎలా ఉందో అడిగి చదివించుకోండి.

ప్లసీబో ఎందుకు అవసరమో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు కథలో తెలుస్తుంది. మన ఏజెన్సీ గూడేల్లో ఈ జబ్బున్న పిల్లలు కీళ్ల నొప్పులతో ఎంత అల్లాడతారో చూసినవాళ్లకు తెలుసు. నొప్పి దానంతటదే వస్తుంది, పోతుంది. కాబట్టి ఏ మాత్ర ఇచ్చినా "తగ్గింది" అనిపించే అవకాశముంది. అమెరికా, కెనడాల్లో 299 మంది పెద్దవాళ్లలో హైడ్రాక్సీయూరియా అనే మందును ప్లసీబోతో పోల్చి చూశారు. మందు వేసుకున్నవాళ్లలో నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయి. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి ట్రయల్‌ను గడువుకన్నా ముందే ఆపేశారు. 1995లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇప్పుడు మన దగ్గర సికిల్ సెల్ పిల్లలకు ఇచ్చే మాత్ర అదే.

పేపర్లు చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. ఏం చూసుకోవాలి?

మీరు నిదానంగా చదవాల్సింది ఇక్కడే. పేపర్లలో రెండు భాగాలుంటాయి. మొదటిది సమాచార పత్రం, చాలా పేజీలుంటుంది. రెండోది సమ్మతి పత్రం, సంతకం దాని మీదే. చాలామంది నేరుగా చివరి పేజీ తిప్పి "ఎక్కడ పెట్టాలమ్మా?" అంటారు. అప్పుడు నేను పెన్ను ఇవ్వను.

ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని అడగండి. అడ్మిట్ అయిన అత్యవసర కేసుల సంగతి వేరు గానీ, మామూలుగా ఆలోచించుకోవడానికి మీకు టైం ఇవ్వాలి. ఇంట్లో చదువుకున్నవాళ్ల చేత గట్టిగా చదివించుకోండి. ఎన్నిసార్లు ఆసుపత్రికి రావాలి, ఎన్నిసార్లు రక్తం తీస్తారు, తెలిసిన దుష్ప్రభావాలు ఏమిటి, ట్రయల్‌లో చేరకపోతే మీకు ఇంకేం వైద్యం ఉంది, ఈ నాలుగూ అందులో ఉండాలి. డాక్టరు గారి ఫోన్ నంబరు, ట్రయల్‌లో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు రెండూ ఉండాలి.

ఫారంలో రెండు చోట్ల అందరూ ఆగిపోతారు. ఒకటి "వార్షిక ఆదాయం". "తెల్లకార్డు తీసేస్తారా?" అని టెన్షన్ పడతారు. దానికీ రేషను కార్డుకూ సంబంధం లేదు. రోగి చదువు, పని, ఆదాయం రాయాలని నిబంధనల్లోనే ఉంది. రెండోది "నామినీ". ఆ గడి చూడగానే ఇంటివాళ్ల ముఖాలు మారిపోతాయి. ఒక పెద్దాయన పెన్ను కింద పెట్టేసి, భార్య వైపు చూసి, "ఇదేటి, బ్యాంకు కాగితంలా ఉందే" అన్నారు. నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను. ట్రయల్ వల్ల ప్రాణం పోతే నష్టపరిహారం ఎవరికి చేరాలో రాసుకునే గడి అది. అలాంటిది జరుగుతుందని కాదు, జరిగితే మీ వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగకూడదని. ఆ దంపతులు పేపర్లు పట్టుకెళ్లి, కూతుర్నీ అల్లుడినీ వెంటబెట్టుకుని వచ్చారు. అల్లుడు అడిగిన ప్రశ్నలకు డాక్టరు గారు చాలాసేపు కూర్చుని జవాబు చెప్పారు. సంతకం అలా జరగాలి.

సంతకం అయ్యాక సమాచార పత్రం, సమ్మతి పత్రం కాపీలు మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఆసుపత్రి ఫైలుతో కలిపి పెట్టుకోండి.

మా అమ్మకు చదువు రాదు. వేలిముద్ర వేస్తే సరిపోతుందా?

వేలిముద్ర ఒక్కటే చాలదు. ట్రయల్‌తో సంబంధం లేని ఒక సాక్షి మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉండాలి, పేపర్లో ఉన్నదంతా ఆమెకు చదివి వినిపించారని సంతకం చేయాలి. భాష ఆమెకు అర్థమయ్యేది కావాలి. ఏజెన్సీ నుంచి వచ్చే కొందరికి కువి వచ్చు, ఒడియా వచ్చు, తెలుగు అంతంతమాత్రం. తల ఊపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఏం చేస్తామన్నాం?" అని నేను తిరిగి అడుగుతాను.

కొత్తగా కనుగొన్న మందుల ట్రయల్‌లో, తమ గురించి తాము నిలబడి అడగలేని స్థితిలో ఉన్నవాళ్లు చేరితే, సమ్మతి తీసుకోవడమంతా వీడియో రికార్డు చేయాలని నిబంధన ఉంది. హెచ్‌ఐవీ, కుష్టు మందుల విషయంలో ముఖం కనబడకుండా మాట మాత్రమే రికార్డు చేస్తారు. కెమెరా చూసి భయపడకండి. అది మీకు రక్షణ.

మధ్యలో మానేయొచ్చా?

ఎప్పుడైనా మానేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మానేసినందుకు మీ మామూలు వైద్యం ఆపకూడదు, ఓపీలో తేడాగా చూడకూడదు. కాకపోతే చెప్పి మానండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

ఖర్చు ఎవరిది? మాకేమైనా డబ్బులిస్తారా?

ట్రయల్ మందుకు, ట్రయల్ కోసం చేసే పరీక్షలకు మీ చేత డబ్బు కట్టించకూడదు. వచ్చిపోయే ఛార్జీలు సాధారణంగా ఇస్తారు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటో ఖర్చుతో సహా ముందే మాట్లాడుకోండి. ఎంత ఇవ్వాలో ఎథిక్స్ కమిటీ ముందుగా ఆమోదిస్తుంది. "ట్రయల్‌లో కొత్త థెరపీ" అని లక్షలు కట్టమంటే, ముఖ్యంగా స్టెమ్ సెల్స్ పేరు చెప్పి, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసే అధ్యయనాలు వేరు. ఒక కంపెనీ తయారుచేసిన మాత్ర, అసలు మాత్ర రెండూ రక్తంలోకి ఒకేలా చేరుతున్నాయా అని చూస్తారు. వీటికి డబ్బు ఇస్తారు. తమ్ముళ్లకు నా మనవి ఒక్కటే. డబ్బు అవసరంలో ఒకచోట చేరిన సంగతి దాచి, వెంటనే ఇంకోచోట చేరకండి. రెండు మందులు ఒంట్లో కలిస్తే ఏమవుతుందో ఎవరూ పరీక్షించి ఉండరు.

ట్రయల్‌లో ఉండగా ఏదైనా జరిగితే ఎవరు చూస్తారు?

ముందు వైద్యం. ట్రయల్‌లో మీకు హాని జరిగితే, అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా ఉచితంగా వైద్యం చేయించాలి. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా, ప్రాణాపాయం వచ్చినా, డాక్టరు 24 గంటల్లో ఢిల్లీలో ట్రయల్స్‌కు అనుమతిచ్చే ప్రభుత్వ అధికారి డ్రగ్స్ కంట్రోలర్‌కు, ట్రయల్ నడిపే కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి.

హాని ట్రయల్ వల్లే జరిగిందని తేలితే నష్టపరిహారం. ప్రాణం పోయిన సందర్భంలో లెక్క ఇలా ఉంటుంది. 8 లక్షలు మూలధనం. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో, జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 వరకు ఇంకో అంకెతో గుణించి, 99.37తో భాగిస్తారు. ఆరోగ్యంగా చేరిన 65 ఏళ్ల మనిషికైతే 32 లక్షలు వస్తుంది, వయసు తక్కువైతే ఇంకా ఎక్కువ. జబ్బు బాగా ముదిరినవాళ్లకు తక్కువ వస్తుంది. ఈ చివరి విషయం నాకు ఎప్పుడూ మింగుడుపడదు, కానీ నియమం అలా ఉంది. డ్రగ్స్ కంట్రోలర్ ఆర్డరు అందిన 30 రోజుల్లో చెల్లించాలి.

ఇవన్నీ సరిగ్గా జరుగుతున్నాయని నమ్మేదెలా? మన రాష్ట్రంలోనే అమ్మాయిల మీద వ్యాక్సిన్ గొడవ జరిగింది కదా?

జరిగింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు వ్యాక్సిన్ కారణమని విచారణలో తేలలేదు. ఆ వ్యాక్సిన్ మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. మంచి మందైనా అడగకుండా వేస్తే అన్యాయమే.

పరిహారం, వీడియో సమ్మతి నిబంధనలు ఆ ఏడాదే వచ్చాయి. ఇప్పుడున్నవి 2019 నాటి కొత్త నిబంధనలు. ఎథిక్స్ కమిటీలో కనీసం 7 మంది ఉండాలి. సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్లు, ఛైర్మన్ తప్పనిసరిగా బయటి మనిషి. ఒక లాయరు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి ఉండాలి.

మీరే చూసుకునే దారి కూడా ఒకటుంది. 2009 జూన్ 15 నుంచి దేశంలో ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో నమోదు చేయాలి. మీ పేపర్ మీద ఆ పేరుతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లాడికి ఇస్తే ఫోన్‌లో వెతికేస్తాడు, డబ్బు కట్టక్కర్లేదు. ఏ ఆసుపత్రుల్లో జరుగుతోంది, బాధ్యుడైన డాక్టరు ఎవరు, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా అన్నీ అందులో కనిపిస్తాయి. నంబరు లేకపోతే ఎందుకు లేదో నిలదీయండి.

పసరు మందు, ఆయుర్వేదం వాడుతున్నామని చెప్పాలా?

దయచేసి చెప్పండి. కామెర్లకు వేసిన పసరు, మోకాళ్ల నొప్పులకు ఊరి నుంచి తెచ్చిన చూర్ణం, మెడికల్ షాపులో అడిగి కొన్న పెయిన్ కిల్లర్, షుగరు బిళ్లలు అన్నీ చెప్పండి. తిడతారని దాచిపెడతారు. లివర్ పరీక్షలో అంకెలు పెరిగితే ట్రయల్ మందు వల్లేనేమో అని మేము కంగారుపడతాం, అసలు కారణం తెలియక మీకు తప్పు వైద్యం జరగొచ్చు. కవరుతో సహా సంచిలో వేసుకుని తీసుకురండి.

రక్తం చాలా తీసేస్తారట?

ఎన్ని మిల్లీలీటర్లు తీస్తారో పేపర్లో రాసి ఉంటుంది. 5 మిల్లీలీటర్లంటే ఒక టీస్పూను. మిగిలిన రక్తాన్ని దాచుకుని వేరే పరిశోధనకు వాడాలంటే మీరు విడిగా ఒప్పుకోవాలి. వద్దంటే వద్దు.

పరిశోధన అంటే మనం కొనలేని మందుల కోసమేగా?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. ఖరీదు తగ్గించే పరిశోధనలు మన దేశంలోనే జరిగాయి. నోరు, గొంతు క్యాన్సర్ ముదిరినవాళ్లకు నివోలుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. పూర్తి మోతాదు మామూలు కుటుంబాలకు అందే ధర కాదు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు మోతాదును పదో వంతుకన్నా తగ్గించి, 20 మిల్లీగ్రాములు మూడు వారాలకోసారి, చవకైన మాత్రలకు తోడుగా ఇచ్చి 151 మందిలో పరీక్షించారు. మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో ఏడాది తర్వాత బతికున్నది నూటికి 16 మంది. ఇంజెక్షన్ కూడా తీసుకున్నవాళ్లలో 43 మంది. 2022లో ఈ ఫలితం వచ్చింది. మోతాదు తగ్గించి పరీక్షించాలని మందు అమ్మే కంపెనీకి సాధారణంగా తోచదు. రోగుల దగ్గర కూర్చునే డాక్టర్లకే ఆ ఆలోచన వస్తుంది.

ఝార్ఖండ్‌లో ఇంకొకటి జరిగింది, అందులో పరీక్షించింది తిండిని. టీబీ రోగుల ఇళ్లకు ఆరు నెలల నుంచి ఏడాది పాటు బియ్యం, పప్పులు, విటమిన్లు ఇచ్చి చూశారు. రోగితో కలిసి ఉండేవాళ్లు పదివేల మందికి పైగా ఈ అధ్యయనంలో ఉన్నారు. తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో అచ్చయింది. పప్పూ బియ్యం మందులాగే పనిచేస్తాయని అంకెలతో చూపించడానికి కూడా ట్రయలే కావాల్సి వచ్చింది.

ట్రయల్ అయిపోయాక ఆ మందు దొరుకుతుందా?

ముందే అడిగి తెలుసుకోండి. మందు మీకు బాగా పనిచేసి, దానికి బదులుగా వేరే వైద్యం లేకపోతే, డాక్టరు సిఫారసు మీద, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, కంపెనీ ఉచితంగా కొనసాగించే వీలు నిబంధనల్లో ఉంది. అన్ని ట్రయల్స్‌లోనూ ఇది జరగదు. ట్రయల్ ఫలితం ఏమైందో అడిగే హక్కు మీకుంది, కోఆర్డినేటర్ ఫోన్ నంబరు దాచుకోండి.

అన్ని పరీక్షలూ చేసి చివరికి "మీరు సరిపోరు" అన్నారు. ఎందుకు?

ఆశ పెట్టుకుని వచ్చి, రక్తాలిచ్చి, రెండు మూడు సార్లు బస్సులెక్కి దిగాక ఈ మాట వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. చెప్పాల్సింది నేనే కాబట్టి ఇంకా బాగా తెలుసు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువున్నా, హిమోగ్లోబిన్ తక్కువున్నా, ఇంకేదైనా జబ్బు ఉన్నా చేర్చుకోరు. ఆ మందు మీకు హాని చేయవచ్చన్న అనుమానంతోనే ఎక్కువగా వద్దంటారు. మీ జబ్బుకు ఇంక వైద్యం లేదని దానికి అర్థం కాదు. ఆ రోజు ఊరికే తిరిగి వెళ్లిపోకండి. చేసిన పరీక్షల రిపోర్టులన్నీ అడిగి తీసుకోండి, అవి మీవి. అదే రోజు డాక్టరు గారిని కలిసి మామూలు వైద్యం ఎప్పటి నుంచి, ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందా, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నది ఓపీ చీటీ మీద రాయించుకుని వెళ్లండి.